శనివారం ఆరేసిన చొక్కా

కరుణ వచ్చేసరికి నేను పులుసులోకి మామిడికాయ ముక్కలు కోస్తున్నాను. బోగోలు దగ్గరి మా సొంతూరి నుంచి మా ఇల్లు వెతుక్కుంటూ నెల్లూరికి ఎవరైనా వచ్చి చాలా ఏళ్ళయింది. తలుపు తీయగానే పోల్చుకున్నాను. అదే నుదురు, మాట్లాడే ముందు పెదవులు తడుపుకునే అదే అలవాటు. మా ఊరి చర్చి సంఘపెద్ద కూతురు. నాకన్నా చిన్నది, చిన్నప్పుడు నా వెనకే తిరిగేది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. సగం తాగి గ్లాసు పక్కన పెట్టి, "నాయన పొయ్యినాడక్కా," అంది. "ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పాల." కాస్త తటపటాయించి, "నువ్వు కథలు రాసేదానివి అయినావంటే ఆయన చెప్పినవి వినే గదా. ఊరంతా అదే అంటది. ఆయన కూడా అందరితో చెప్పుకునేవాడు," అని కలిపింది.

అది అబద్ధమైతే నాకు హాయిగా ఉండేది. నిజం కాబట్టే ఇన్నేళ్ళూ కడుపులో మంట చల్లారలేదు. కథ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో, మనిషిని ఎలా నిలబెట్టాలో నాకు నేర్పింది ఆయనే. మా అమ్మను ఊరి ముందు నిలబెట్టి పరువు తీసిందీ ఆయనే. ఆ రెండూ ఒకే కథతో, ఒకే సాయంత్రం చేశాడు. ఆయన పేరు ఇక్కడ ఎక్కడా రాయను. మరచిపోయానని అనుకోకండి.

"వస్తాలే," అన్నాను. కరుణ ఊపిరి పీల్చుకుంది. పులుసు కలిపి అన్నం పెట్టి పంపించాను. ఆమె వీధి మలుపు తిరిగాక మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుని, మిగిలిన మామిడికాయలన్నీ కోసేశాను. అది దుఃఖం కాదు. ఇన్నాళ్ళకు చేతికి చిక్కాడన్న సంబరం.

మా ఊళ్ళో, మా ఇంటి వసారాలో, అమ్మ కుట్టుమిషను ఉండేది. తెల్లవారితే మిషను నూనె వాసన, గంజి పెట్టిన కొత్త గుడ్డల వాసన, పొయ్యిలో సరుగుడు ఆకు పొగ. తోపుల్లో రాలిన ఆ సన్నటి ఆకును గోనెసంచుల్లో తొక్కి తెచ్చుకునేవాళ్ళం. అంటుకుంటే భగ్గుమని లేచి అంతలోనే ఆరిపోయేది, అందుకని పొయ్యి దగ్గర ఎవరో ఒకరు కూర్చుని పిడికెడు పిడికెడు వేస్తూనే ఉండాలి. ఆ పని నాది. అక్కడి నుంచి అమ్మ వీపు కనిపించేది. సూదిలోకి ఎక్కించబోయే దారప్పోగు ఎప్పుడూ ఆమె పెదాల మధ్య ఉండేది. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు ఏమడిగినా "ఊఁ" అనో, తల ఊపో సరిపెట్టేది. ఊళ్ళో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి మా అమ్మ. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

నాన్న పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. పని బాగా దొరుకుతుందని మద్రాసు రేవుకు పోయాడు. మొదట్లో వారం వారం శుక్రవారం సాయంత్రం బిట్రగుంటలో బండి దిగి వచ్చేవాడు. శనివారం పొద్దున అమ్మ ఆయన విడిచిన చొక్కా ఉతికి ముందర దండెం మీద ఆరేసేది. తర్వాత ఆయన రాకపోకలు పలచబడ్డాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. చొక్కా మాత్రం ఆగలేదు. ఆయన వదిలిపోయిన నీలం గళ్ళ చొక్కా ఒకటి పెట్టెలో ఉండేది. శనివారం వచ్చేసరికి అమ్మ దాన్ని తీసి, ఎవరూ తొడగని చొక్కాకు సబ్బు పెట్టి, బండకేసి ఉతికి, విదిలించి, వీధిలో పోయేవాళ్ళకు కనబడేటట్టు ఆరేసేది. పక్కింటామె గోడ మీదుగా, "మీ ఆయన వచ్చినట్టుండాడే," అనేది. అమ్మ నోట్లో దారంతోనే, "ఊఁ," అనేది. నాకు అది శనివారం పని, అంతే. లాంతరు చిమ్నీ బూడిదతో తుడిచినట్టు, ఎండు నెత్తళ్ళ చేపలు చేట్లో ఏరినట్టు. దానికి ఇంకో అర్థం ఉందని నాకు తెలియదు.

ఇక సంఘపెద్ద గురించి. వేరుశనగ పండించే ఆసామి. పొడుగు మనిషి, తెల్లటి పంచె, మెడలో తుండు. ఆదివారం సాయంత్రాలు వంతుల వారీగా ఒక్కో ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. నేను ముందే పోయి చాపలు పరిచేదాన్ని, పిల్లలకు బొరుగులు పంచేదాన్ని. పాటలైపోయి, వాక్యం చదవడమైపోయాక, కళ్ళజోడు తీసి తుండుతో తుడిచి మడిచి పక్కన పెట్టేవాడు. అంటే కథ రాబోతోందన్నమాట. పెద్దవాళ్ళు సర్దుకుని కూర్చునేవాళ్ళు, ఏడ్చే పిల్లలకు పాలివ్వడం కూడా అప్పుడే అయిపోవాలి. "ఒకానొక ఊళ్ళో," అని మొదలుపెట్టి నీతి చెప్పేవాడు కాదు, మనిషి గురించి కూడా చెప్పేవాడు కాదు. ఒక వస్తువును తెచ్చి మన ముందు పెట్టేవాడు. ఒక తెగిన మోకు. ఒక బీటవారిన కుండ. దాని మీద మన చూపు నిలిచాక దాని పక్కకు మనిషిని తెచ్చేవాడు, తేగానే ఆ మనిషికి ఏం కావాలో చెప్పేసేవాడు. "ఆ తల్లికి ఒకటే కోరిక," అనేవాడు. ఇక ఆ కోరిక తీరుతుందా లేదా అని మనం పట్టుకుని కూర్చోవాల్సిందే. పడవ తిరగబడే చోట, బిడ్డ చేయి జారే చోట, ఆపి, "నీళ్ళు," అనేవాడు. ఆయన భార్య చెంబు అందించేది. తాపీగా తాగేవాడు. ఆ కాసేపూ ఎవరూ దగ్గేవాళ్ళు కూడా కాదు. ఆ నిశ్శబ్దంలో ఆయన ముఖం చూడాలి, పెళ్ళికొడుకు ముఖం వెలవెలబోయేది దాని ముందు. కథైపోయాక పిల్లలెవరైనా, "ఎవరు పెద్దయ్యా ఆ మనిషి?" అని అడిగితే కళ్ళజోడు పెట్టుకుంటూ, "పేరు మనకెందుకు," అనేవాడు. ప్రతిసారీ అదే మాట.

మా సంఘంలో ఒక ఆచారం ఉండేది, ఇప్పటికీ ఉంది. కష్టం వచ్చినవాళ్ళు పెద్ద చెవిలో ప్రార్థన మనవి చెప్పుకుంటారు. ఆయన కూడికలో దాన్ని గుట్టు బయటపడకుండా మరుగు మాటల్లో పెట్టి దేవుడికి విన్నవిస్తాడు. చెప్పుకున్నవాళ్ళకు తప్ప అది ఎవరిదో తెలియదు. ఊళ్ళో ఎవరికీ చెప్పని మాట ఆయనకు చెప్పేవాళ్ళు. అమ్మ కూడా చెప్పింది. ఒక సాయంత్రం ఆయన మా వసారాలో ఆగితే, నేను లోపల పొయ్యి దగ్గర ఉన్నాను, అమ్మ నోట్లోంచి దారం తీసి మిషను మీద పెట్టడం చూశాను. "ఆయన మద్రాసులో ఇంకో సంసారం పెట్టినాడయ్యా," అంది. "ఊరికి తెలవకుండా ఆయన చొక్కా ఉతికి ఆరేస్తా ఉండా. ప్రార్థన చెయ్యండి. ఎవురికీ చెప్పబాకండి." ఆయన అమ్మ తల మీద చెయ్యి పెట్టి, "దేవుడికి తప్ప ఇంకెవురికి చెప్తానమ్మా," అన్నాడు. పొయ్యిలో ఆకు వేయడం మరిచిపోయాను. మంట ఆరిపోయి ఇల్లంతా పొగ కమ్ముకుంది.

ఆ వచ్చిన ఆదివారం కూడిక ఆయన ఇంట్లోనే. పాటలైనాయి, కళ్ళజోడు తుడిచాడు. "ఒకానొక ఊళ్ళో ఒక చొక్కా," అన్నాడు. "నీలం గళ్ళ చొక్కా. దాన్ని తొడిగే మనిషి లేడు. అయినా వారం వారం అది తడస్తా ఉంది, ఎండతా ఉంది." నా చేతిలో బొరుగుల చేట ఉంది. నాకు ముందు అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే, ముందు ఆ మాటలు ఎంత బాగున్నాయో అనిపించింది. తర్వాత ఒక్కొక్క తలా మా అమ్మ వైపు తిరగడం చూశాను. సున్నితంగా, దొంగచూపులతో, పక్కనున్నవాళ్ళను మోచేత్తో పొడుస్తూ తిరిగాయి. ఊళ్ళో శనివారం మా దండెం చూడనివాళ్ళెవరు?

అంతటితో ఆగినా ఏమోగానీ, కథకు కారణం కావాలి కదా. భర్త ఎందుకు పోయాడు? ఆయన నీళ్ళు తాగి, చెంబు దించి చెప్పాడు. "ఆమె నోరు మంచిది కాదు. ఇంటికొచ్చిన మొగుడి ముందు పళ్ళెం పెట్టి పోట్లాట పెట్టుకునేది. ఆ మనిషి అన్నం ముందు నుంచి లేచి పోయినాడు. ఇప్పుడు చొక్కా ఉతికి ఏం లాభం? నోరు కడుక్కోవాల్సింది." ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని చప్పరించారు. అమ్మ చాప అంచు పట్టుకుని కూర్చుంది, లేవలేదు, ఏడవలేదు. ఎవరో పిల్లవాడు అడిగాడు, ఎవరు ఆమె అని. "పేరు మనకెందుకు," అన్నాడు ఆయన.

కథలు రాయడం గురించి నాకు తెలిసిన అతి పెద్ద సంగతి ఆ సాయంత్రం తెలిసింది. వివరం నిజమైతే, దాని పక్కన పెట్టిన కారణం అబద్ధమైనా జనం కళ్ళు మూసుకుని మింగుతారు. చొక్కా నిజం, దండెం నిజం, శనివారం నిజం. కాబట్టి నోరు కూడా నిజమే అయిపోయింది. మర్నాటి నుంచి రవికెలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు, "మొగోళ్ళ దగ్గర కాస్త నోరు తగ్గించుకోవాలమ్మా," అని నోట్లో దారం పెట్టుకున్న మనిషికి బుద్ధులు చెప్పారు. అమ్మ ఆ తర్వాత ఏ గుడ్డా బయట ఆరేయలేదు. లోపలి గదిలో దూలానికి తాడు కట్టింది. వానాకాలం ఇల్లంతా ముక్కిపోయిన గుడ్డల వాసన, నా బడి లంగాకు అదే వాసన, పక్కన కూర్చున్న పిల్లలు జరిగి కూర్చునేవాళ్ళు. కొన్నాళ్ళకు నాన్న మద్రాసులోనే చనిపోతే, ఆయన అక్కచెల్లెళ్ళు అమ్మను శవం దగ్గరకు రానివ్వలేదు. "నీ నోటికి జడిసే గదా మావాడు దేశాలు పట్టి పొయ్యింది," అన్నారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అప్పుడే అనుకున్నాను, వీడి పని పడతానని. పెద్దవాళ్ళను వాడు వీడు అనకూడదని పెంచారు నన్ను, మనసులో ఎవరు చూడొచ్చారు?

నేను మొదటి కథ రాసింది అందుకే. గొప్ప కథకురాలిని కావాలని కాదు, ఆయన్ని నలుగురిలో నిలబెట్టి కాల్చాలని. అందులో ఆయనకు ఎర్రటి కళ్ళు పెట్టాను, గారపళ్ళు పెట్టాను, చాటుగా సారా తాగించాను, విధవరాళ్ళ పొలాలు లాగించాను. అమ్మ మిషను తొక్కుతుంటే పక్కన కూర్చుని చదివి వినిపించాను. అమ్మ మిషను ఆపి, దారం తీసి, "ఎవురు ఈయన?" అంది.

"తెలవడం లా? ఆయనే," అన్నాను.

"ఆయన తాగడు గదా," అంది అమ్మ. "గాలివాన వచ్చినప్పుడు మన మిషను తల మీద పెట్టుకుని నడుం లోతు నీళ్ళలో బడి దాకా మోసినాడే, అది రాయలేదేం? వాళ్ళ ఇంట్లో బియ్యం మూటలు తడిసిపోతా ఉంటే వదిలేసి ముందు మన ఇంటికొచ్చినాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని వెనకేసుకొస్తోందనుకున్నాను. చాలా రోజులు అమ్మతో ముభావంగా ఉన్నాను. తర్వాత ఎప్పటికో అర్థమైంది, అమ్మ వెనకేసుకురాలేదు, నా కథలో తప్పు చూపించిందని. ఆ ఎర్రకళ్ళ మనిషి ఊళ్ళో ఎవరూ కాదు. అతన్ని కాలిస్తే ఎవరికీ సెగ తగలదు. మిషను మోసిన మనిషి, అమ్మ తల మీద చెయ్యి పెట్టిన మనిషి, ఆయనే అమ్మను అమ్మేశాడన్నప్పుడే కదా వినేవాడి గుండె పట్టుకునేది. శత్రువును కథలో పెట్టాలంటే ముందు అతని మంచి అంతా పైసా తగ్గకుండా ఇచ్చేయాలి. నాకు అది ఇవ్వడానికి ఎంత కష్టమైందో చెప్పలేను. ఇంకోటి కూడా కావాలి, అతని కోరిక. ఆయనకు ఏం కావాలి? పొలం కాదు, పెత్తనం కాదు. చెంబు ఎత్తి తాగే ఆ కాసేపు ఎవరూ దగ్గకపోవడం కావాలి. ఆ నిశ్శబ్దం కోసం ఆయన ఏదైనా ఇస్తాడు. ఆ వారం చేతిలో వేరే కథ లేదు, మా అమ్మ ఉంది.

ఇదంతా తెలిశాక కూడా ఆ కథ రాయలేదు. అమ్మ వద్దంది. "నేనుండగా మళ్ళీ ఆ చొక్కాను బజార్లో పెట్టబాకు," అంది. సరేనని వేరే కథలు రాసుకుంటూ పోయాను, పేరు వచ్చింది. అమ్మ నెల్లూరిలో నా దగ్గర పోయినప్పుడు ఊరికి తీసుకుపోయి సమాధి చేశాం. అప్పటికి ఆయన ముసలివాడైపోయాడు, కర్ర పట్టుకుని వచ్చి ఆఖరి ప్రార్థన చేశాడు. "ఈ తల్లి నోటితో చేసిన తప్పులన్నీ క్షమించు తండ్రీ," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెన్ అన్నారు. నేను గుప్పిట్లో ఉన్న మట్టి వేయకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఎవరో నా చేయి విప్పి వేయించారు.

ఇప్పుడు కథలు ఎలా రాయాలో చెప్పమని నన్ను కాలేజీలకు పిలుస్తారు. పిల్లలు ఫోన్లలో రికార్డు చేసుకుంటూ, "మేడమ్, పాత్రకు ప్రాణం ఎలా పోయాలి? ఎత్తుగడ ఎలా ఉండాలి?" అని అడుగుతారు. వస్తువుతో మొదలుపెట్టమంటాను, కోరిక ముందే చెప్పమంటాను, చెడ్డవాడి మంచిని దాచొద్దంటాను. ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్ అంటే నవ్వి ఊరుకుంటాను. వాళ్ళకు కావలసింది చిట్కాలు. నాకు ఆ చిట్కాలు ఏ ధరకు వచ్చాయో వినే ఓపిక వాళ్ళకు ఉండదు, చెప్పే ఓపిక నాకు లేదు.

ఆదివారం కారులో ఊరికి పోయాను. సరుగుడు తోపులున్న చోట రొయ్యల గుంటలు, వాటిల్లో గిరగిరా తిరిగే చక్రాలు. మా ఇల్లు ఉన్న చోట ఎవరిదో మేడ. కరుణ వాళ్ళ ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, బిరియానీ మసాలా వాసన. వెనక ఆయన బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ, దాని మీద ఆయన పేరు నా చేయంత అక్షరాల్లో. చాపల కాలంలో అందరూ ఒకరికొకరు తగులుతూ కూర్చునేవాళ్ళు, ఎవరి కళ్ళు ఎటు తిరిగాయో దాచలేకపోయేవాళ్ళు. ఇప్పుడు కుర్చీలు విడివిడిగా ఉన్నాయి, సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. వీళ్ళను లాగగలనా అని ఒక్క క్షణం భయం వేసింది. మైకు చేతికిచ్చారు. నేను కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మడిచి పక్కన పెట్టాను. ముందు వరుసలో ముసలివాళ్ళు ఫోన్లు దించారు.

"ఒకానొక ఊళ్ళో ఒక కుట్టుమిషను," అన్నాను.

గాలివాన చెప్పాను. నడుం లోతు నీళ్ళు చెప్పాను. తన ఇంటి బియ్యం తడుస్తున్నా పరాయి ఇంటి మిషను తలకెత్తుకున్న మనిషిని చెప్పాను. కరుణ కళ్ళు తుడుచుకుంది. అందరూ ఆయన్ని ప్రేమించేదాకా చెప్పాను, తొందరపడలేదు. తర్వాత ఆ మిషను ముందు కూర్చునే మనిషిని చెప్పాను, నోట్లో ఎప్పుడూ దారం ఉండే మనిషి, మాటకు బదులు ఊఁ అనే మనిషి. ముసలి ఆడవాళ్ళు కొందరు తలలూపారు. ఆ రవికెలు వాళ్ళూ తొడిగారు, ఆ దారం వాళ్ళూ చూశారు. "ఆ మనిషి జన్మలో ఒక్కసారి ఆ దారం తీసి ఒక మాట చెప్పింది, మిషను మోసిన మనిషితో, ఎవురికీ చెప్పబాకండని," అన్నాను. అక్కడ ఆపాను. "నీళ్ళు," అన్నాను.

కరుణే తెచ్చింది. సీసా మూత తీసి తాపీగా తాగాను. ఎవరూ దగ్గలేదు. ఆయన దేనికి ఆశపడ్డాడో నాకు అప్పుడు నాలుక మీద తెలిసింది. బాగుంది. దాచడం ఎందుకు, చాలా బాగుంది. మా అమ్మను ఇచ్చి కొనుక్కోదగినంత బాగోలేదు, అంతే.

సీసా దించి మిగిలింది చెప్పాను. చొక్కా, చాప, తిరిగిన తలలు, లేని నోటికి వేసిన నింద, దూలానికి కట్టిన తాడు, మొగుడి శవం దగ్గరకు రానివ్వకపోవడం, సమాధి దగ్గర ప్రార్థన. ఆ భర్త ఎందుకు పోయాడో, ఇంకో సంసారం కోసం పోయాడని, మామూలు మాటల్లో చెప్పాను. ముందు వరుసలో కర్ర పట్టుకున్న ఒక ముసలామె తల వంచుకుంది, మళ్ళీ ఎత్తలేదు. వెనక మా మేనత్తల కొడుకులు కదలకుండా కూర్చున్నారు. ఆ మిషను మోసినాయన ఎవరో నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అందరూ నన్ను దాటి నా వెనక ఫ్లెక్సీ వైపు చూస్తున్నారు. "ఆ తల్లి పేరు మార్తమ్మ," అన్నాను. "నేను ఆమె కూతుర్ని." మైకు ఇచ్చేసి వచ్చి కూర్చున్నాను.

అన్నాల దగ్గర జనం మార్తమ్మ, మార్తమ్మ అని మాట్లాడుకోవడం వింటూ కడుపు నిండా తిన్నాను. ఒకామె వచ్చి, "మాకేం తెలుసమ్మా అప్పుడు," అంది. నేను తల ఊపాను, ఫర్వాలేదని మాత్రం అనలేదు. కారు ఎక్కుతుంటే కరుణ వచ్చి తలుపు పట్టుకుంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. తండ్రి చేసిన దానికి ఆమెను నొప్పించానని తెలుసు. ఆమె మీద జాలిపడ్డాను, చేసిన పనికి మాత్రం చింతించలేదు.

"నాయన కూడికలో నిలబడి, ఒక్కసారన్నా ఆయన పేరు ఎత్తలేదేమక్కా?" అంది.

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను.

"పేరు మనకెందుకు కరుణా," అన్నాను.